డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు

ఈ శతవార్షిక సంచికకు నిరీక్షణ, స్వస్థత అను అంశము మీద ఏదైనా వ్రాయుడని పెద్దలు కోరినప్పుడు, మాదాపురం, గచ్చిబౌలి, కొండాపురం ప్రాంతముల సంఘస్థులమైన మేము ఉపన్యాసము కంటే ఒక జీవితము చెప్పుట మేలనుకొన్నాము. మా చుట్టుపక్కల అంతా కొత్తదే. సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998లో. అంతకు ముందు ఇక్కడ ఎక్కువగా బండలు, పొదలు, మేకల మందలు ఉండేవి. ఇప్పుడు రక్తపరీక్ష ఫలితము చేతిలోని ఫోనుకే వస్తుంది. దాన్ని తెరవడానికి చెయ్యి వణకడం మాత్రం పాతదే. రోగము సంగతి ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందోనని దాచుకొనేవారు మా సంఘములలోనూ ఉన్నారు. వారిని మనస్సులో ఉంచుకొనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఇసబెల్ గన్ గారు 1875లో స్కాట్లండు ఉత్తర భాగములో ఒక రైతు కుటుంబమున జన్మించారు. అబర్డీను విశ్వవిద్యాలయములో చదివి 1903లో వైద్య పట్టము పొందారు. స్కాట్లండులోని విశ్వవిద్యాలయములు స్త్రీలను చేర్చుకొనసాగినది 1892లోనే గనుక, ఆడపిల్ల డాక్టరగుట అక్కడ కూడా అప్పటికింకా వింతే. ఆ యేడే జార్జి మెక్‌గ్లాషన్ కెర్ గారిని వివాహమాడారు. 1907లో దంపతులిద్దరు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలుగా నిజాము రాజ్యమునకు వచ్చి నిజామాబాదు ప్రాంతములో పరిచర్య ఆరంభించారు. మెదకులో పోస్నెట్ దొరగారు పనిచేసిన మిషను కూడా అదే. మెదకు మహాదేవాలయము, 1924 క్రిస్మసు నాటి దాని ప్రతిష్ఠ మనవారందరికీ తెలుసు. డిచ్‌పల్లి సంగతి అంతగా తెలియదు. కట్టడములు కంటికి కనబడినంతగా కట్టు కట్టిన చేతులు కనబడవు కదా!

ఆ రోజులలో కుష్ఠు అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి. ఆ క్రిమిని నార్వే దేశములో హాన్సెన్ గారు 1873లోనే కనుగొన్నారు. అయినా ఊళ్ళలో అది పూర్వజన్మ పాపమనో, వంశములో వచ్చిన శాపమనో అనుకొనేవారు. రోగిని ఇల్లు వెళ్ళగొట్టేది, ఊరు వెలివేసేది. నిజానికి ఈ క్రిమి నరములను పట్టుకొంటుంది. స్పర్శ పోతుంది. పొయ్యి మీది గిన్నెను వట్టి చేతితో దింపినా కాలినట్టు తెలియదు, కాలిలో ముల్లు దిగినా తెలియదు. అలా తెలియని పుండ్లు ముదిరి వేళ్ళు పోతాయి. నొప్పి తెలియడం ఎంతటి ఈవియో ఈ రోగమును చూస్తేనే అర్థమవుతుంది.

డాక్టరమ్మ గారి వద్దకు ఇటువంటివారు రాసాగారు. మామూలు ఆసుపత్రిలో వారిని ఇతర రోగుల మధ్య ఉంచుటకు వీలు లేదు, తిరిగి పంపుటకు మనసొప్పదు. 1911లో నిజామాబాదులో వారికొరకు చిన్న ఆశ్రయము ఏర్పడినది. అది చాలలేదు. అప్పుడు పెద్ద మనస్సుతో ముందుకు వచ్చి ధనసహాయము చేసినవారు రాజా నర్సాగౌడు గారు. ఆయన హిందువు. ఈ సంగతి మేము నొక్కి చెప్పుచున్నాము, ఎందుకంటే మన చరిత్ర వ్రాసుకొనేటప్పుడు ఇటువంటి పేర్లు ఒక మూలకు జరిగిపోతుంటాయి. ఆయన దానమే లేకుంటే 1915లో డిచ్‌పల్లిలో ఆ కుష్ఠు ఆసుపత్రి లేచేది కాదేమో. దానికి విక్టోరియా పేరు పెట్టారు. నిజామాబాదుకు దగ్గరగా, సికింద్రాబాదు నుండి పోయే రైలు మార్గము మీదనే ఉన్న ఊరది. నిర్వహణ భారములో కెర్ దొరగారు, వైద్యములో అమ్మగారు తోడుగా నడిచారు.

మొదట్లో ఆమె వద్ద రోగమునకు గట్టి మందు లేదు. పుండ్లు కడుగుట, కట్లు కట్టుట, అన్నము పెట్టుట, ప్రార్థించుట, ఇంతే. బాగవుతుందని చెప్పలేని రోగి ఎదుట డాక్టరు ప్రతి ఉదయము నిలబడవలెనంటే ఎటువంటి నిరీక్షణ కావలెనో ఆలోచించండి. ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియుండి కూడ చెయ్యి చాపి ముట్టిన సంగతి సువార్తలలో చదువుతాము. ఆ ముట్టుట మాత్రము డిచ్‌పల్లిలో మొదటినుండి ఉన్నది.

తరువాత మందు వచ్చింది. అది మన దేశపు చెట్టుదే. ఆయుర్వేదములో తువరకమని పేరు. సుశ్రుతుడు దీనిని చెప్పియున్నాడు. ఆ గింజల నూనె త్రాగితే కడుపులో తిప్పి వాంతియయ్యేది గనుక రోగులు నిలువలేకపోయేవారు. కలకత్తాలో లియొనార్డ్ రాజర్స్ గారు, ఆ తరువాత ఎర్నెస్టు మ్యూర్ గారు దానిని సూదిమందుగా ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఇసబెల్ గారు ఆ చికిత్సను డిచ్‌పల్లిలో పట్టుదలగా సాగించారు. నొప్పి కలిగించే సూదులవి. వారము వారము, నెలల తరబడి, కొందరికి ఏండ్ల తరబడి పొడిపించుకోవాలి. తొలిదశలో వచ్చినవారికి మేలు కనబడేది, ముదిరినవారికి తక్కువ. పోయిన వేలు ఎవరికీ తిరిగి రాలేదు. అయినా అంతవరకు చావుకొరకు ఎదురుచూచే చోటుగా ఉన్నది, ఇంటికి వెళ్ళుటకు ఎదురుచూచే చోటుగా మారనారంభించినది.

ఇక్కడ మా మాట ఒకటి. సాక్ష్యముల కూటములలో, విశ్వాసమున్నది గనుక మాత్రలు మానితినని చెప్పువారిని చూస్తుంటాము. స్వస్థత రాకపోతే విశ్వాసము చాలలేదని రోగి మీదనే నేరము మోపువారిని కూడా చూస్తుంటాము. డిచ్‌పల్లిలో సూది మానిన ప్రార్థన లేదు. వేళ్ళు లేని చేతులతో ప్రార్థించినవారి విశ్వాసమును కొలవడానికి మనమెవరము?

1923లో ప్రభుత్వము కెర్ దంపతులను కైజర్-ఇ-హింద్ పతకముతో గౌరవించింది. 1932లో ఇసబెల్ గారు ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆమెకు యాభై యేడేండ్లయినా నిండలేదు. పూర్తి స్వస్థత కలిగించే మందును ఆమె చూడలేదు.

ఆ మందు కథలో డిచ్‌పల్లికి పాలున్నది. అక్కడ వైద్యుడుగా పనిచేసిన జాన్ లో గారు తరువాత నైజీరియా వెళ్ళి, డాప్సోను అను చవక మందును మాత్రగా నోటి ద్వారా ఇచ్చి సురక్షితముగా వైద్యము చేయవచ్చునని 1940ల చివర చూపించారు. సూదుల బాధ తప్పింది. ఒక్క మందుకు క్రిములు లొంగకుండా పోవుచుండగా, 1980ల ఆరంభములో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఆరు నెలలు లేక పన్నెండు నెలలలో చికిత్స ముగుస్తుంది.

చట్టము మాత్రము నిదానముగా నడిచింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు కోరే వీలును మన పార్లమెంటు తొలగించినది 2019లో. ఇసబెల్ గారు ఆశ్రయము తెరచిన నూట యెనిమిదేండ్ల తరువాత! రోగము దేశమంతటి లెక్కలో పదివేలమందికి ఒకరికన్న తగ్గినదని 2005 చివర ప్రకటించారు గాని, నేటికీ మన దేశములో యేటా సుమారు లక్షమందిలో కొత్తగా కనబడుచునే ఉన్నది. వారిలో పిల్లలూ ఉన్నారు.

కాబట్టి సంఘస్థులకు, ముఖ్యముగా మా ప్రాంతపు భవనముల పనికి దూరపు ఊళ్ళ నుండి వచ్చి గుడారములలో ఉండే కూలివారి మధ్య పరిచర్య చేసే సోదర సోదరీలకు ఒక మనవి. ఒంటి మీద రంగు తగ్గిన మచ్చ, ముట్టినా గిల్లినా స్పర్శ తెలియనిది కనబడితే దాచవద్దు, దాచనీయవద్దు. దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రమునకు వెంటబెట్టుకొని వెళ్ళండి. మందు అక్కడ ఉచితము.