ఆనందుడి చీవరాలు

ఆషాఢం వస్తే చాలు, ఆదోని, ఎమ్మిగనూరు బట్టల షాపుల్లో డిస్కౌంట్లు మొదలు. సి.బెళగల్ నుంచి మనోళ్లూ బస్సెక్కుతారు. విత్తనాలకు, ఎరువులకు అప్పు చేసే కాలం కూడా అదే. సుగ్గికి పోయి మిగిల్చుకున్న నాలుగు రూపాయలు చీరల మీద పోతాయి. తథాగతుడు తొలి ధమ్మబోధ చేసింది ఆషాఢ పున్నమినాడే కాబట్టి, ఈ నెల ఆనందుడి గురించి తెలుసుకోండి.

ఆనందుడు శాక్యుడు, బుద్ధుడికి చిన్నాన్న కొడుకు. 25 ఏళ్లు ఆయన వెంటే ఉండి సేవ చేశాడు. ఆ పని ఒప్పుకునే ముందు పెట్టిన షరతుల్లో ఒకటి చూడండి. బుద్ధుడికి దానంగా వచ్చిన చీవరాలు తనకు ఇవ్వకూడదు! మగధ పొలాల గట్లు చూసి బుద్ధుడు అడిగితే, గుడ్డముక్కలను మడులు మడులుగా కుట్టి చీవరం చేసింది ఈయనే. స్త్రీలకు సంఘంలో చోటు కోసం పట్టుబట్టిందీ ఈయనే, మన ఆడోళ్లు మరువొద్దు.

మహాపరినిర్వాణం తర్వాత ఆనందుడు కోశాంబికి వెళ్లాడు. ఉదయన రాజు రాణులు ఆయన బోధ విని 500 వస్త్రాలు దానమిచ్చారు. ఒక్క భిక్షువుకు ఇన్నెందుకు, బట్టల కొట్టు పెడతాడా అని రాజుకు అనుమానం. నేరుగా వచ్చి అడిగాడు. ఆనందుడు కోపం తెచ్చుకోకుండా లెక్క చెప్పాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు ఇవి పంచుతారు. వాళ్ల పాతవి దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలీబులకు, పాత గలీబులు నేలమీద పరుచుకోను, అవి కాళ్లు తుడుచుకోను, ఆ పైన దుమ్ము దులపను. చివరికి ఆ పీలికలనే మట్టిలో కలిపి తొక్కి నేల అలుకుతారు.

మన అవ్వలు పాత చీరలతో కుట్టిన బొంతలు గుర్తొచ్చాయా? ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని తెచ్చి, మడత విప్పకుండా బీరువాలో పెట్టిన చీరకు ఈ వరుసలో చోటెక్కడో మీరే వెతకండి.

రాజు సంతోషపడి ఇంకో 500 వస్త్రాలు ఇచ్చి వెళ్లాడు.