అక్షరాలు లెక్కపెట్టి రహస్యం విప్పిన అల్ కిందీ

మొబైల్‌లో ఉర్దూలోనో తెలుగులోనో ఈమెయిల్ రాసి సెండ్ నొక్కితే, అది రాసింది రాసినట్టు వెళ్లదు. ఈమెయిల్ వ్యవస్థ మొదట్లో ఇంగ్లిష్ అక్షరాల కోసమే తయారైంది. అందుకే మన అలిఫ్ అయినా, మన అకారం అయినా ముందు వేరే గుర్తుల్లోకి మారాల్సి వస్తుంది. దారిలో ఎవరూ చదవకుండా దాని మీద గుప్తలిపి తొడుగు వేస్తారు. అవతలి సర్వర్ ఆ తొడుగు విప్పుతుంది. ఏ మాటలు ఎలా వచ్చాయో ఫిల్టర్ లెక్క చూస్తుంది. ఆ తర్వాతే ఇన్‌బాక్సా, స్పామా అన్నది తేలుతుంది. ఇదంతా మనిషి చెయ్యి పడకుండానే రెప్పపాటులో అయిపోతుంది.

రాతను ఎలా మారుస్తారు, మార్చిన రాతను లెక్కతో ఎలా విప్పాలి అన్న విద్య మీద ఇప్పటిదాకా దొరికిన అతి పాత పుస్తకం 9వ శతాబ్దపు బాగ్దాద్‌లో పుట్టింది. రాసినవారు అబూ యూసుఫ్ యాఖూబ్ ఇబ్న్ ఇస్‌హాక్ అల్ కిందీ.

ఆయన సుమారు 801లో కూఫాలో పుట్టారు. కిందా తెగవారు, తండ్రి కూఫా గవర్నర్. ఖలీఫా మామూన్ కాలంలో బాగ్దాద్‌లో గ్రీకు గ్రంథాలను అరబీలోకి తెచ్చే పెద్ద పని సాగుతుంటే అందులో ముందు నిలిచారు. ఖలీఫా ముఅతసిమ్ తన కొడుక్కి ఆయన్నే ఉస్తాద్‌గా పెట్టుకున్నాడు. తత్వం, వైద్యం, సంగీతం, గణితం... ఆయన రాయని విషయం తక్కువ. మన హిందుస్తాన్ అంకెల మీద కూడా పుస్తకం రాశారు. అరబ్బుల తత్వవేత్త అన్న బిరుదు ఊరికే రాలేదు మరి.

ఇక ఆ రహస్య లిపి సంగతి. ఏ అక్షరం బదులు ఏ గుర్తు వాడారో తెలియకపోతే ఉత్తరం చదవలేం కదా. అల్ కిందీ చెప్పిన దారి వింటే చాలా సులువనిపిస్తుంది. అదే భాషలో మామూలుగా రాసిన పొడవైన పాఠం ఒకటి తీసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. అరబీలో అయితే అలిఫ్ ముందుంటుంది, తర్వాత లామ్. ఆపై రహస్య ఉత్తరంలోని గుర్తులనూ అలాగే లెక్కించి, ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఎక్కువసార్లు వచ్చేదానితో జత చేస్తూ పోవాలి. ఉత్తరం మరీ చిన్నదైతే ఈ లెక్క పనిచేయదని కూడా ఆయనే చెప్పారు.

స్పామ్ ఫిల్టర్‌ను కూడా ఆయనే కనిపెట్టారంటే మాత్రం అది అతి. ఆ ఫిల్టర్లలో చాలావాటి వెనక 18వ శతాబ్దపు ఇంగ్లండ్ పాస్టర్ థామస్ బేయస్ సూత్రం ఉంది. కానీ అర్థం తెలియకపోయినా లెక్కపెడితే రాత తన గుట్టు చెబుతుందని ముందుగా చూపింది అల్ కిందీయే. ఈనాటి గుప్తలిపి తయారుచేసేవాళ్లు మొట్టమొదట చూసుకునేది కూడా ఈ లెక్కకు చిక్కకుండా ఉండటమే.

ఆయనకు కష్టాలు ఖలీఫా ముతవక్కిల్ కాలంలో వచ్చాయి. బనూ మూసా సోదరులు మహమ్మద్, అహ్మద్ కూడా పేరున్న పండితులే, అయినా అసూయ ఎవర్ని వదిలింది? వాళ్ల మాటలు నమ్మి ఖలీఫా అల్ కిందీని కొట్టించాడని, ఆయన గ్రంథాలయం మొత్తాన్ని సోదరులు పట్టుకుపోయారని చరిత్రకారులు రాశారు. తర్వాత ఆ సోదరులే ఒక కాలువ పనిలో ఇరుక్కున్నారు. తవ్వకంలో తప్పు జరిగింది, ఖలీఫాకు తెలిస్తే తల దక్కదు. పని పరిశీలించడానికి వచ్చిన ఇంజినీరు సనద్ ఇబ్న్ అలీ కాళ్ల మీద పడ్డారు. అల్ కిందీ పుస్తకాలు ఆయనకు తిరిగిచ్చాకే మీ సంగతి మాట్లాడతానన్నాడాయన. చేసేదిలేక అన్నీ వెనక్కి ఇచ్చేశారు. నదికి వరద ఉంది కాబట్టి కొన్ని నెలలు తప్పు బయటపడదని సనద్ నెట్టుకొచ్చాడు. ఈలోగా 861లో ఖలీఫానే హత్యకు గురయ్యాడు.

అల్ కిందీ సుమారు 873లో బాగ్దాద్‌లో కన్నుమూశారు. ఆయన రచనల్లో ఎక్కువ భాగం కాలగర్భంలో కలిసిపోయాయి. రహస్య లిపి పుస్తకం మాత్రం ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయంలో రాతప్రతిగా మిగిలింది. వెయ్యేళ్లు దాటాక, 1987లో దమాస్కస్ పండితులు దాన్ని అచ్చువేయించారు.