రంగా నిలబెట్టిన రైతు, రుణ చట్టం చూడని కూలీ

గుంటూరు శివార్లలోని లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన మిరప, పత్తి వంగడాలు పల్నాడు, ప్రకాశం మెట్ట పొలాల దాకా విస్తరించాయి. ఆ కేంద్రం ఆచార్య ఎన్.జి. రంగా పేరిట ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగం. తెలుగు నేలపై రైతు అనే మాటకు రాజకీయ గౌరవం తెచ్చినవారిలో ఆయన అగ్రగణ్యుడు. అయితే ఆ మాట ఎవరిని కలుపుకున్నదో, ఎవరిని వదిలివేసిందో పరిశీలించకుండా ఆయన జీవితాన్ని అర్థం చేసుకోలేం.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న నిడుబ్రోలులో కమ్మ రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు. ఆంధ్ర డెల్టా గ్రామాల ఆర్థిక స్థితిగతులపై 1926లోనే గ్రంథం ప్రకటించారు. మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1923లోనే నిడుబ్రోలులోని తమ ఇంటి మంచినీటి బావిని దళితులకు తెరిచారు. బావి గట్టు కులానికి సరిహద్దు రాయిగా ఉన్న రోజుల్లో అది చిన్న సాహసం కాదు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం వాణిజ్య పంటలు గుంటూరు ప్రాంతపు మధ్యతరగతి రైతుకు కొత్త ఆశలు కల్పించాయి. వర్జీనియా పొగాకు వచ్చింది, నగదు చెలామణి పెరిగింది. ఆ డబ్బు భూమి కొనుగోళ్లకూ పిల్లల చదువులకూ వసతి గృహాలకూ వెళ్లింది. శూద్ర రైతు కులాల సామాజిక ఆరోహణకు ఆర్థిక పునాది పడింది అప్పుడే. దానితోపాటు అప్పు కూడా పెరిగింది. ధర నిలుస్తుందన్న నమ్మకంతో తీసుకున్న అప్పు అది.

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. ఆ తర్వాతి సంవత్సరాలలో మద్రాసు రాష్ట్రంలో పంటల ధరలు పతనమయ్యాయి; శిస్తు మాత్రం తగ్గలేదు. పైగా కృష్ణా, గోదావరి జిల్లాలలో రూపాయికి మూడణాలు, అంటే 18.75 శాతం, పెంచాలని ప్రభుత్వం పూనుకున్నది. రాష్ట్రంలో గ్రామీణ రుణభారం 1930లో సుమారు 150 కోట్ల రూపాయలని బ్యాంకింగ్ విచారణ సంఘం లెక్కగట్టగా, 1935 నాటి సత్యనాథన్ నివేదికలో అది 200 కోట్లకు చేరింది. ధర పడిపోయిన చోట అప్పు తనంతట తానే బరువెక్కుతుంది.

రంగా ఉద్యోగం విడిచి రైతు ఉద్యమంలోకి వచ్చిన నేపథ్యం ఇది. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1933లో రైతు ఆందోళనకు నాయకత్వం వహించారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పి కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. శ్రీకాకుళం ప్రాంతపు వెనుకబడిన కులాల నాయకుడు గౌతు లచ్చన్న ఆయనకు ముఖ్య అనుచరుడయ్యారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా ప్రధాన కార్యదర్శి.

ఆ ఒత్తిడికి ఫలితం దక్కింది. రాజాజీ మంత్రివర్గం 1938లో వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించి ఉంటే అప్పే తీరిపోయినట్లు లెక్క. కొత్త అప్పులపై వడ్డీ 6.25 శాతం మించరాదన్నారు. వేలాది కుటుంబాలకు అది ఊపిరి పోసింది.

కానీ ఆ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడు ఎవరు? భూమిపై ఏదో ఒక హక్కు, యాజమాన్యమో కౌలో, ఉన్నవాడు. ఏడాది జీతానికి కుదిరి, ముందుగా తీసుకున్న బాకీ కింద కట్టుబడి, పొలంలోనే బతికిన మాల, మాదిగ పాలేరు ఆ నిర్వచనంలోకి రాడు. అతని అప్పు చట్టానికి కనబడలేదు. దున్నినవాడికీ దున్నించినవాడికీ మధ్య గీత కులం గీతగానూ ఉన్నచోట, భూమిని ప్రమాణంగా తీసుకున్న నిర్వచనం కులాన్ని ప్రమాణంగా తీసుకున్నట్లే పనిచేసింది.

అమెరికాలోనూ జరిగింది ఇదే. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో పత్తి సాగు తగ్గించినందుకు భూయజమానులతో ఒప్పందాలు చేసుకుని డబ్బు ఇచ్చింది. సాగు తగ్గడంతో దక్షిణాది నల్లజాతి పాలికాపులు ఎందరో పొలాల నుంచి గెంటివేతకు గురయ్యారు. 1934లో ఆర్కన్సాలో నల్లవారూ తెల్లవారూ కలిసి కౌలుదారుల సంఘం పెట్టుకున్నది ఇందుకే. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వ్యవసాయ కూలీలనూ ఇంటి పనివారినీ పక్కన పెట్టింది. అక్కడ జాతి, ఇక్కడ కులం. సంక్షోభంలో సాయం పట్టా ఉన్న చేతికే ముందు అందింది.

ఈ లోటు ఆనాటివారికి తెలియనిది కాదు. పుచ్చలపల్లి సుందరయ్య నెల్లూరు జిల్లా అలగానిపాడులో కూలీలను వేరుగా సంఘటితం చేశారు. రంగా దారి మరోవైపు సాగింది. 1959లో కాంగ్రెస్ నాగపూర్‌లో సహకార వ్యవసాయాన్నీ భూపరిమితినీ తీర్మానించగా, ఆయన దానిని వ్యతిరేకించి స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షులయ్యారు. స్వయంకృషితో నిలిచిన చిన్న రైతు స్వేచ్ఛను కాపాడుతున్నానని ఆయన నిజంగానే నమ్మారు. కానీ పరిమితికి మించిన భూమి పంచితే తప్ప రైతు కాలేని కులాలు ఆ స్వేచ్ఛకు వెలుపలే మిగిలాయి. బావి తెరిచిన మనిషి రాజకీయం భూమి దగ్గర ఆగిపోయింది. 1995 జూన్ 9న కన్నుమూసేనాటికి పార్లమెంటరీ జీవితంలో ఆయనకు సాటి వచ్చేవారు అరుదు.

ఆయనను తూలనాడటానికి ఇదంతా చెప్పడం లేదు. ఆయన లేకుంటే 1938 చట్టానికి వెనుక అంత బలం ఉండేది కాదు. ప్రశ్న నేటిది. 2025లో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలను మార్కెట్ జోక్య ధరగా ప్రకటించింది. ఇటువంటి సాయం ఎవరి ఖాతాకు చేరుతుందన్నది కాగితాల మీద సాగుదారు ఎవరన్న దానిపై ఆధారపడుతుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు కార్డుకు భూయజమాని అంగీకారం తప్పనిసరి చేసింది. సంతకం దొరకని దళిత, బీసీ కౌలుదారు నష్టం మోస్తాడు. పరిహారం మరొకరికి పోతుంది. కాయలు కోసే ఆడకూలీ ఆ లెక్కలోకే రాదు.

సంతకంతో నిమిత్తం లేకుండా గ్రామసభ సాక్ష్యంతో సాగుదారును గుర్తించాలి. ధర పతనమైన ఏట కూలీ కుటుంబానికి కూడా పరిహారంలో వాటా చట్టబద్ధం కావాలి. రంగా రైతు అనే మాటకు తెచ్చిన గౌరవం అప్పుడే ఆ మాటకు వెలుపల నిలిచినవారికీ చెందుతుంది.