గేటు మీది పేరు

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కార్యవర్గం మిత్రులు అడిగారు. అందరూ మన సార్ల గురించి, బడి ఆవరణలోని వేపచెట్టు గురించి రాస్తారు కదా, నేను వేరే ఏదైనా రాస్తానని ఒప్పుకున్నాను. ఆ వేరేది ఏమిటో అప్పటికి నాకూ తెలియదు. వారం తర్వాత రాజేంద్రనగర్ మీదుగా కారులో వస్తూ వ్యవసాయ విశ్వవిద్యాలయం గేటు చూశాక తట్టింది.

మన మణికొండ పిల్లలకు ఆ విశ్వవిద్యాలయం కొత్త కాదు. మనం చదువుకునే రోజుల్లో దాని పేరు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ పేరు గుంటూరు దగ్గరి లాం వెళ్ళిపోయింది, ఇక్కడి ప్రాంగణానికి ప్రొఫెసర్ జయశంకర్ పేరు వచ్చింది. జయశంకర్ సార్ గురించి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మరి మధ్యలో పద్దెనిమిదేళ్ళు ఆ గేటు మీద ఉన్న మనిషి ఎవరు? నాకు తెలిసింది ఒక్కటే, ఎవరో కోస్తా నాయకుడు, చాలాకాలం ఎంపీ. యాభై దాటాక, అదీ ఒక సొంత కారణంతో, ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ కారణం తర్వాత చెబుతాను.

గోగినేని రంగనాయకులు 1900 నవంబర్ 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో పుట్టారు. ఊరి బడి, తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్. 1926లో అర్థశాస్త్రంలో బి.లిట్. పట్టా తీసుకుని తిరిగి వచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులయ్యారు. పేరుకు ముందు నిలిచిపోయిన ఆచార్య అనే మాట ఆ ఉద్యోగానిదే. మన వాళ్ళలో ఎవరైనా ఆ రోజుల్లో అంత చదివి, అంత ఉద్యోగం తెచ్చుకుని ఉంటే ఊరంతా పిల్లలకు చూపించి ఇలా చదవండ్రా అని చెప్పేది. ఆయన 1930లో గాంధీజీ పిలుపు విని ఉద్యమంలోకి వచ్చేశారు. ఇదొక్కటే అయితే ఆయన మీద వ్యాసం రాయాల్సిన పని లేదు. అలా వచ్చినవాళ్ళు వేలమంది.

నన్ను ఆపింది 1933లో ఆయన చేసిన పని. సొంత ఊరు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం ఒకటి పెట్టారు. దున్నడం, నాటడం నేర్పే బడి కాదది. దున్నడం వాళ్ళకు వచ్చు. పంట పండించిన తర్వాత ఆ పంట ఎటు పోతుంది, శిస్తు ఎవరు నిర్ణయిస్తారు, వడ్డీ ఎందుకు తీరదు, జమీందారుకు హక్కు ఎక్కడి నుంచి వచ్చింది, ఇవన్నీ అడగగలిగిన యువకులను తయారుచేసి ఊళ్ళకు పంపడం దాని పని. అది ఎలాంటి కాలమో గుర్తుంచుకోవాలి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధర పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన అర్థశాస్త్రం నిడుబ్రోలులో పంచె కట్టుకున్న కుర్రాళ్ళకు పనికొచ్చింది ఆ సమయంలోనే. అదే రోజుల్లో ఆయన జమీందారీ గ్రామాలు తిరిగి రైతుల స్థితిగతులు విచారించారు.

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు, రంగా ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాత కోస్తాలో జరిగిన రైతు యాత్ర సంగతి చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇచ్ఛాపురం నుంచి బయలుదేరి, తొమ్మిది జిల్లాల మీదుగా, 1,500 మైళ్ళకు పైగా, 130 రోజులు నడిచారు. రెండువేల మందికి పైగా రైతులు. దారిలో పోగుచేసిన అర్జీలు 1,100కు పైచిలుకు. వాటిని 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు అందించారు. వాళ్ళ ప్రధాన కోరికల్లో ఒకటి అప్పుల నుంచి ఊరట, ఆ ఏడాది వచ్చిన రుణ విముక్తి చట్టంలో దానికి చోటు దొరికింది. మనం ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఒకసారి నడవమంటే నడుస్తామా!

అయితే ఆ బడుల దిశ అప్పటికే మారుతోంది. 1935 తర్వాత కాంగ్రెస్‌లోని వామపక్షం వాళ్ళు, ముఖ్యంగా పుచ్చలపల్లి సుందరయ్య, రైతు యువకులను వేరే దారిలో కూడగట్టడం మొదలుపెట్టారు. కొత్తపట్నం, మంతెనవారిపాలెం లాంటి చోట్ల వేసవి రాజకీయ పాఠశాలలు నడిచాయి. దేశ చరిత్ర, ఆర్థిక వ్యవస్థ, మార్క్సిజం చెప్పేవారు. ఖర్చుకు డబ్బు, తిండికి గింజలు రైతుల దగ్గరే పోగుచేశారు. రంగా ఆ దారిన పోలేదు, కొన్నేళ్ళకు కిసాన్ సభ నుంచే విడిపోయారు. నా ఉద్దేశం చెప్పమంటే, ఇక్కడ ఇద్దరిలోనూ కొంత న్యాయం ఉంది. రంగా రైతు కూలీ రాజ్యం అన్నా, ఆయన చుట్టూ చేరింది ఎక్కువగా సొంత భూమి ఉన్న రైతులే. కూలివాడి వంతు వెనకబడిందన్న విమర్శను కొట్టిపారేయలేం. అయితే భూమి రైతు చేతిలోంచి పోతే అతని నోరు కూడా పోతుందన్న ఆయన భయం ఉత్తది కాదు. అది నాకు మా ఇంట్లోనే తెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చాక మొత్తం కథే మారింది. 1945లోనే నిడుబ్రోలుకు దగ్గరగా బాపట్లలో, ఆ మరుసటి ఏడాది మన వైపు ఉస్మానియా కింద, వ్యవసాయ కళాశాలలు వచ్చాయి. 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామసేవకులు వచ్చారు, అమెరికా పల్లెల్లోని ఫోర్-హెచ్ క్లబ్బుల తరహాలో యువజన సంఘాలు వచ్చాయి. 1964 జూన్ 12న మన పొరుగునే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది, దానికి కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సహకారం. రైతు బిడ్డకు ఇప్పుడు నేర్పేది ఎకరాకు ఎన్ని బస్తాలు అనే లెక్క. అది తక్కువ పని అని నేననను. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెల్లహంస వడ్లు మా బావి కింద పండాయి, ఆ అన్నం తినే నేను ఇంజనీరునయ్యాను. కానీ నిడుబ్రోలు బడిలో అడగడం నేర్పిన ప్రశ్నలు ఈ కొత్త చదువులో ఎక్కడా చోటు చేసుకోలేదు. తెలివిగా పండించేవాణ్ణి తయారుచేశారు, తన కాగితం తాను చదువుకునేవాణ్ణి కాదు.

రంగా రాజకీయాలు ఎన్ని మలుపులు తిరిగాయో రాస్తే సంచిక సరిపోదు. 1951లో కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, మళ్ళీ కాంగ్రెస్‌లోకి వచ్చి 1957లో తెనాలి నుంచి గెలిచారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు ఎదురు తిరిగి బయటికొచ్చారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ, దానికి ఆయనే తొలి అధ్యక్షుడు. తర్వాత చిత్తూరు, శ్రీకాకుళం, చివరికి మళ్ళీ కాంగ్రెస్, 1980 నుంచి గుంటూరు. 1930లో మొదలైన పార్లమెంటు జీవితం 1991లో ముగిసింది. ఆ ఏడాదే పద్మవిభూషణ్ ఇచ్చారు. ఇన్ని పార్టీలు మారినా, రైతు భూమి రైతు పేరునే ఉండాలన్న మాట మాత్రం మారలేదు.

ఇప్పుడు నా కారణం. మా తాత జాగీరు కాలపు కౌలుదారు. జాగీరులు 1949లో పోయాక, ఏళ్ళ తరబడి తిరిగి, కొద్దిపాటి భూమి తన పేర చేయించుకున్నాడు. మేం బడిలో ఉన్నప్పుడు వ్యవసాయ కళాశాల పిల్లలు కొన్నాళ్ళు మన ఊళ్ళో ఉండటం మీలో కొందరికి గుర్తుండాలి. విత్తనశుద్ధి చేసి చూపించేవారు, మట్టి నమూనాలు తీసేవారు. మంచి పిల్లలు. మా నాయన వాళ్ళకు జొన్నరొట్టె పెట్టి పంపేవాడు.

1993లో నేను ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉండగా నాయన ఇరవై గుంటలు అమ్మడానికి ఒప్పుకున్నాడు, నా ఫీజు బాకీకి, చెల్లె పెళ్ళికి. స్టాంపు కాగితం ఇంగ్లీషులో ఉంది. సెలవులకు వచ్చిన నన్ను చదవమన్నాడు. చదివాను. సరిగ్గానే ఉంది నాయనా అన్నాను. ఆ కాగితంలో అమ్మకం ఒప్పందంతో పాటు మిగిలిన ఎకరం మీద కూడా అవతలి వాళ్ళకు పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. ఇంగ్లీషు అర్థమైంది, విషయం అర్థం కాలేదు. నాకు అవకలన సమీకరణాలు వచ్చు, పహాణీ చదవడం రాదు. ఆ ఎకరం ఎలా పోయిందో తెలిసేసరికి కోర్టుకు పోయే ఓపిక నాయనకు లేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ సర్వే నంబరులో ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. నేను రోజూ దాని పక్క నుంచే ఆఫీసుకు పోతాను.

రంగా 1995 జూన్ 9న పోయారు. మరుసటి ఏడాదే ఆయన పేరు రాజేంద్రనగర్ గేటు ఎక్కింది. ఆయన సొంతంగా పెట్టిన బడికీ, ఆయన పేరు పెట్టిన విశ్వవిద్యాలయానికీ ఎంత దూరమో ఆ రోజు ఎవరైనా అనుకున్నారో లేదో. ఇవాళ వ్యవసాయ డిగ్రీ అంటే ఈఏపీసెట్ ర్యాంకు, తర్వాత బ్యాంకు ఉద్యోగం లేదా గ్రూప్స్. పిల్లల తప్పేమీ లేదు. మా ఇంట్లోనూ నాయన నన్ను పొలం నుంచి తప్పించడానికే చదివించాడు.

పోయిన నవంబరులో మన హెడ్‌మాస్టర్ గారిని కలిసి, రెండు శనివారాలు పదో తరగతి వాళ్ళకు పహాణీ, అమ్మకం దస్తావేజు ఎలా చదవాలో చెబుతానని అడిగాను. మణికొండలో ఇంకా ఎవరికి భూమి ఉందండీ అని ఆయన నవ్వారు. నిజమే. అయితే ఇప్పుడు మన బడిలో చదివే పిల్లల్లో సగం మంది పాలమూరు వైపు నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి అపార్ట్‌మెంట్లు కడుతున్న వాళ్ళ పిల్లలు. సరే, చూద్దాం అన్నారు.

మొదటి శనివారం పదకొండు మంది వచ్చారు. రెండో శనివారం వనపర్తి వైపు పిల్లవాడొకడు ఇంట్లోంచి పట్టాదారు పాసుపుస్తకం తెచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. ఎకరం పది గుంటలు, వాళ్ళ తాత పేరున ఉంది, తాత పోయి ఆరేళ్ళయింది. పేరు మార్పించుకోలేదట. ఆ రోజు గంట కొట్టాక కూడా మేం ఆ పుస్తకం ముందు కూర్చునే ఉన్నాం.