ఎర్రరంగులో దాగిన ఔషధం: గెర్హార్డ్ డొమాక్

గెర్హార్డ్ డొమాక్ 1895 అక్టోబరు 30న నాటి జర్మనీలోని లాగో గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు పోలండులో ఉన్నది. ఆయన తండ్రి ఉపాధ్యాయుడు. కీల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య ఆరంభించిన కొద్దికాలానికే, 1914లో, ప్రపంచయుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి గాయపడిన డొమాక్ ఆ తరువాత వైద్యదళంలో సేవచేశారు. శస్త్రచికిత్స చక్కగా జరిగినా, గాయంలో చేరిన సూక్ష్మజీవుల వలన యువకులు మరణించడం అక్కడ కన్నులారా చూశారు. ఆ దృశ్యం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

1927లో ఐ.జి. ఫార్బెన్ సంస్థవారి ప్రయోగశాలలో చేరారు. క్లారర్, మీట్ష్ అను రసాయన శాస్త్రజ్ఞులు రంగుపదార్థాలు తయారుచేసి ఇచ్చేవారు. డొమాక్ వాటిని చిట్టెలుకలపై పరీక్షించేవారు. ఏళ్ల తరబడి ఫలితం శూన్యం. 1932 డిసెంబరులో ఒక ఎర్రరంగును ప్రయోగించగా, స్ట్రెప్టోకాకస్ సోకిన ఎలుకలలో మందు పొందినవి బ్రతికాయి, పొందనివి చనిపోయాయి. అదే ప్రాంటోసిల్. 1935 ఫిబ్రవరిలో ఆ ఫలితాన్ని ప్రకటించారు. ఆ ఏడాదే ఆయన చిన్నకుమార్తె చేతిలో సూది గుచ్చుకొని విషమించింది. చేయి తొలగించవలసిన స్థితి వచ్చినపుడు తండ్రి తన మందునే ఇచ్చారు. బిడ్డా దక్కింది, చేయీ దక్కింది.

చిత్రమేమంటే, గాజునాళికలోని సూక్ష్మజీవులను ఈ మందు ఏమీ చేయలేదు! అది శరీరంలో విడిపోయి సల్ఫనిలమైడ్‌గా మారినపుడే పనిచేస్తుందని పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు 1935లోనే తేల్చారు. రంగుకు ఇందులో ప్రమేయమే లేదు. అది పనిచేసే తీరును 1940లో ఇంగ్లండులో వుడ్స్, ఫిల్డెస్ వివరించారు. సూక్ష్మజీవి తన వృద్ధికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని పారా అమైనో బెంజోయిక్ ఆమ్లంతో తానే తయారుచేసుకోవాలి. సల్ఫనిలమైడ్ అచ్చంగా దానినే పోలి ఉండుటచే ఎంజైము మోసపోయి దీనిని పట్టుకుంటుంది; తయారీ నిలిచిపోతుంది. సూక్ష్మజీవి వెంటనే చావదు, పెరగలేదు, మిగిలినపని తెల్లరక్తకణాలది. మానవుడు ఫోలిక్ ఆమ్లాన్ని ఆహారంనుండి పొందుతాడు కనుక ఈ దెబ్బ అతనికి తగలదు. ఆ ఫోలిక్ ఆమ్లాన్నే 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు, మద్రాసులో వైద్యం చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావు కావడం తెలుగువారికి స్మరణీయం.

1939లో డొమాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. జర్మనులు దానిని స్వీకరించరాదని హిట్లర్ శాసనం. రహస్య పోలీసులు ఆయనను నిర్బంధించి, తిరస్కరిస్తున్నట్లు లేఖపై సంతకం చేయించారు. 1947లో స్వీడన్ వెళ్లి పతకాన్ని, ప్రశంసాపత్రాన్ని అందుకున్నారు. గడువు మీరినందున ధనం మాత్రం రాలేదు. క్షయవ్యాధి ఔషధాలపైనా, క్యాన్సర్‌పైనా పరిశోధనలు సాగిస్తూ 1964 ఏప్రిల్ 24న కన్నుమూశారు.