యల్లాప్రగడ సుబ్బారావు

పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలు గల శ్రీకాకుళం జిల్లాను దీర్ఘకాలం పీడించిన వ్యాధులలో బోదకాలు ఒకటి. దానికి మందును అందించిన పరిశోధక బృందానికి నాయకుడు తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టానే పొందారు. సోదరులిద్దరు సంగ్రహణికి బలికాగా, వ్యాధులను జయించే మార్గం అన్వేషిస్తూ అమెరికా చేరారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు సాగించి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో ప్రవేశించారు.

1947లో ఆయన బృందం హెట్రజాన్‌ను వెలువరించింది. ఈ మందు పనితీరు విశిష్టమైనది. పరీక్షనాళికలోని ఫైలేరియా క్రిములపై దీని ప్రభావం స్వల్పం. దేహంలో మాత్రం తెల్లకణాలు, రక్తఫలకికలు దీనికి తోడై, రక్తంలోని క్రిమి పిల్లలను చుట్టుముట్టి నశింపజేస్తాయి. మందు ఆయుధమైతే రక్షకకణాలే సైనికులు. క్షయ విషయం వేరు. తనను మింగిన రక్షకకణంలోనే క్షయక్రిమి దాగి, మందులకు సులభంగా లొంగక నిద్రాణంగా ఉండగలదు. అందుకే క్షయరోగి నెలల తరబడి మందులు మానక వాడాలి.

సుబ్బారావు 1948లో, 53 ఏళ్ల వయస్సులోనే కన్నుమూశారు. బోదకాలు నిర్మూలనకై 2004లో దేశమంతటా ఆరంభమైన సామూహిక పంపిణీలో ప్రధానమైనది ఆయన అందించిన మందే. వాపు కానరానివారి రక్తంలోనూ క్రిములు ఉండవచ్చు. దోమలు వాటిని ఇతరులకు చేరుస్తాయి. కనుక నాకు రోగం లేదని తలచి మాత్రను పారవేసినవాడు తనకే గాక ఊరికీ హాని చేసినవాడవుతాడు.