మునివాహనులైన తిరుప్పాణాళ్వారు

శ్రీవైష్ణవ సంప్రదాయమునకు మూలస్తంభములు పన్నిద్దరాళ్వారులు. వారు పాడిన ద్రావిడ పాశురములను శ్రీమన్నాథమునులు సేకరించి కూర్పగా అది నాలాయిర దివ్యప్రబంధమై వేదముతో సమానమైన గౌరవమును పొందినది. అందు నమ్మాళ్వారుల పాశురములు వేయికి మించి యున్నవి. తిరుమంగయాళ్వారులవియు అట్లే వేయికి మించినవి. ఒక్క ఆళ్వారు మాత్రము పదియే పాశురములు పాడిరి. ఆయన ఆస్థాన విద్వాంసులు కారు, ఆలయమున కైంకర్యము గలవారును కారు. ఊరి వెలుపల వసించుచు, తంత్రులు మీటుకొని పాడుకొనిన గాయకులు. వారే తిరుప్పాణాళ్వారు. పదియే పాశురములు పాడిన ఆ భాగవతోత్తముని పన్నిద్దరిలో నొకరుగ ఆచార్యులు నిలిపి కొలుచుటకు గల కారణము వారి చరిత్రమునందే కలదు.

ఆళ్వారు అవతరించిన స్థలము కావేరీ దక్షిణ తీరమున గల ఉరైయూరు. దీనికే నిచుళాపురి యని పేరు. పూర్వము ఇది చోళుల రాజధాని. సన్నని నూలు వస్త్రములకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. నేడు తిరుచిరాపల్లి నగరములో ఒక భాగమై యున్నది. శ్రీరంగనాథుని దేవేరియైన కమలవల్లి నాచ్చియారు వెలసిన దివ్యదేశము కూడ ఇదియే. ఏటేట ఫాల్గుణోత్సవ సమయమున నంపెరుమాళ్ళు శ్రీరంగము నుండి కావేరిని దాటి ఆ తల్లి సన్నిధికి వేంచేయుదురు. స్వామి తాను దాటి వచ్చెడి ఆ యేటినే దాటుటకు అధికారము లేక, ఆ యూరి బిడ్డ యొకడు జీవితమంతయు ఒడ్డుననే నిలిచిపోవలసి వచ్చినది.

ఆయన పాణ కులమున పెరిగినవారు. పాణులు తమిళ దేశమున అతి ప్రాచీనులైన గాయకులు. యాళ్ అను తంత్రీ వాద్యమును భుజమున దాల్చి, ఊరూర తిరిగి, రాజులను వదాన్యులను కీర్తించి, వారిచ్చిన అన్న వస్త్రములతో జీవించెడివారు. సంఘకాలపు కావ్యములలో పాణులను దాతల యొద్దకు దారి చూపి పంపెడి గ్రంథములే కలవు. ఆనాడు రాజసభలలో వారికి ఆదరము మెండు. కాలక్రమమున ఆ ఆదరము తరిగిపోయినది. ఏ కంఠమును విని రాజులు పరవశించిరో ఆ కంఠము గలవారిని లోకము అంటరానివారుగా ఎంచి ఊరి వెలుపలికి నెట్టినది. పాట పవిత్రమే కాని పాడువాడు కాడన్న విపరీతపు ఆచారము నెలకొనినది.

ఆళ్వారుల కాలము క్రీ.శ. 8, 9 శతాబ్దముల ప్రాంతమని చరిత్రకారులు తలంతురు. గురుపరంపరా గ్రంథముల ననుసరించి, ఆయన సౌరమాన కార్తిక మాసమున రోహిణీ నక్షత్రమున అవతరించిరి. తిరుమంగయాళ్వారుల తిరునక్షత్రమైన కృత్తికకు మరునాడే ఈ పర్వము వచ్చును. పండిన వరిచేనిలో శిశువుగ కనిపింపగా, సంతానము లేని పాణ దంపతులు ఎత్తుకొని వచ్చి పెంచుకొనిరట. స్వామి వక్షఃస్థలమున నుండు శ్రీవత్సమను మచ్చయే ఈ రూపమున అవతరించినదని పెద్దల విశ్వాసము. శ్రీమన్నారాయణుడు తన ఎదపై దాల్చిన చిహ్నమును లోకము ఊరికి దవ్వుగ ఉంచినదన్న మాట.

కులవిద్యయైన గానము ఆయనకు సహజముగ అబ్బినది. కాని పాణుల వలె దాతలను పొగడి పాడుటకు ఆయన నోరు రాలేదు. రంగనాథుడు తప్ప మరియొక దాత ఆయన దృష్టికి ఆనలేదు. శ్రీరంగము కావేరికిని కొల్లిడమునకును నడుమ గల ద్వీపము. ఆ ద్వీపమును తన పాదముతో త్రొక్కుటకు తాను తగనని ఆయన భావించిరి. ప్రతిదినము దక్షిణపు ఒడ్డున నిలిచి, వీణను చేత బూని, నీటికి ఆవల గల ఆలయము వైపు ముఖమై పాడుచుండిరి. ఎండయు వానయు తెలియక గడియలు గడచిపోయెడివి.

ఇచట యాత్రికులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. శ్రీరంగమున పెరియపెరుమాళ్ళు శేషతల్పముపై శయనించి దక్షిణ దిక్కునకు అభిముఖులై యున్నారు. విభీషణుని లంకను కటాక్షించుటకై అట్లు శయనించిరని స్థలపురాణము. ఆ దక్షిణ దిశయందే కావేరి ఒడ్డున ఈ గాయకులు నిలిచియుండిరి. వారి నడుమ గోడలు కలవు, ఏరు కలదు, ఆచారము కలదు. అయినను స్వామి చూపు ఏ దిక్కునకు సాగుచున్నదో ఆ దిక్కుననే ఆ పాట పుట్టుచుండెను. మనుష్యులు దూరముగ ఉంచినవారిని స్వామి ఎదుటనే ఉంచుకొనెను.

శ్రీరంగ సన్నిధిలో తీర్థ కైంకర్యము చేయుచున్న మహనీయులు లోకసారంగ మహామునులు. ఒకనాటి వేకువన ఆయన తిరుమంజనమునకు తీర్థము కొనిపోవుటకై బిందెతో కావేరికి వచ్చిరి. దారిలో ఆళ్వారు కన్నులు మూసికొని, వీణ మీటుచు, తనను తాను మరచియుండిరి. మునులు తొలగుమని పలుమారులు కేకవేసిరి. ఆ కేక ఆళ్వారు చెవి సోకలేదు. కైంకర్యమునకు వేళ మించుచున్నదన్న ఆతురత, అడ్డు నిలిచినవాడు పాణుడన్న చులకన, రెండును కూడి మునుల చేత ఒక రాయి తీయించినవి. ఆ రాయి ఆళ్వారు నొసట తగిలి నెత్తురు చిందినది.

ఆళ్వారు కన్ను తెరచిరి. కోపము తెచ్చుకొనలేదు. స్వామి కైంకర్యమునకు తాను అడ్డైతినే యని వగచి, తొలగి, దూరముగ నిలిచిరి. మునులు తీర్థము నింపుకొని ఆలయమునకు పోయిరి. అచట స్వామి నుదుట నెత్తురు కనిపించినదని పెద్దలు చెప్పుదురు. ఆనాటి సేవ స్వామికి రుచింపలేదు. ఆ రాత్రి రంగనాథుడు మునులకు స్వప్నమున సాక్షాత్కరించి, తన ప్రియభక్తుని గాయపరచిన వైనమును తెలిపి, ఆ పాణుని భుజములపై మోసికొని సన్నిధికి తీసికొని రావలెనని ఆజ్ఞాపించెను.

స్వామి ఆజ్ఞను ఇచట చక్కగ విచారింపవలెను. క్షమాపణ వేడుకొమ్మని మాత్రమే ఆనతి కాలేదు. చేయి పట్టుకొని తీసికొని రమ్మనియు కాలేదు. మోసికొని రమ్మని ఆనతి అయినది. తీర్థపు బిందెను మోయు భుజముననే భక్తుని మోయవలెను. ఆ తీర్థ మెంత పవిత్రమో ఈ భక్తుడును అంత పవిత్రుడని లోకమునకు తెలియవలెను. తాకుటవలన మైల కలుగునని తలచినవారు తాకియే శుద్ధి పొందవలెను.

తెల్లవారగనే మునులు ఏటి ఒడ్డునకు వచ్చి, ఆళ్వారు పాదములపై బడి, స్వామి ఆజ్ఞను విన్నవించిరి. ఆళ్వారు గడగడ వణకిరి. తన పాదము శ్రీరంగపు మట్టిని సోకరాదని ఇన్నేండ్లు కాచుకొనినవారికి మునీశ్వరుని భుజ మెక్కుట ఎంతటి అపచారముగ తోచినదో ఊహింపవచ్చును. మునులు విడువలేదు. ఆజ్ఞ స్వామిదియే గనుక కాదనుటకు ఆళ్వారుకును వీలు లేకపోయినది. రాయి విసరిన చేతులే ఆయన పాదములను పట్టుకొనినవి. మునులు ఆయనను భుజముపై నిడుకొని ఏరు దాటి, వీధులు దాటి, ప్రాకారములు దాటి గర్భాలయమునకు చేర్చిరి. నాటి నుండి ఆళ్వారుకు మునివాహనులని పేరు వచ్చినది.

జీవితమంతయు దూరమునుండి పాడిన స్వామిని ఆళ్వారు అపుడు దగ్గరగ చూచిరి. ఆ చూపే పది పాశురములైనది. వాని మొదటి పదములను బట్టి ఆ కృతికి అమలనాదిపిరాన్ అని పేరు. దృష్టి తిరువడి నుండి మొదలై మెల్లగ పైకి సాగును. మొదట పాదములు, పిదప కటియందలి ఎఱ్ఱని వస్త్రము, నాభి, ఉదరబంధము, లక్ష్మికి నిలయమైన వక్షస్థలము, కంఠము, అధరము, విశాలములైన నేత్రములు, నీలమేఘము వంటి సర్వాంగ సౌందర్యము. పదియవ పాశురమున, ఆ అమృతమును చూచిన కన్నులు మరియొకదానిని చూడజాలవని ముగించిరి. మొదటి మూడు పాశురముల తొలి అక్షరములు అకార ఉకార మకారములగుట చేత ప్రణవమే ఇందు ఇమిడి యున్నదని ఆచార్యులు వివరించిరి.

తిరుమల యాత్రికులకు ఆనందము గొల్పు విషయము మరియొకటి కలదు. శ్రీరంగ గర్భాలయమున నిలిచి పాడుచును ఆళ్వారు మొదటి పాశురమునను మూడవ పాశురమునను వేంకటాచలపతిని స్మరించిరి. ఉత్తరమున వేంకటాద్రిపై నిలిచి దేవతల సేవలందుకొనువాడే ఇచట ఆదిశేషునిపై పవళించినాడని వారి అనుభవము.

పది పాశురములలో ఉన్నది ఎట్టిదో లేనిదియు అట్టిదే. అందు రాయి ప్రస్తావన లేదు. నొసటి గాయము లేదు. తన కులమును గూర్చిన వగపు లేదు, లోకమును గూర్చిన ఫిర్యాదు లేదు. పెక్కు ఆళ్వారులు ప్రబంధము చివర తమ పేరును ఊరును చెప్పికొనిరి. ఈయన తన పేరునైన చెప్పలేదు. పైగా మొదటి పాశురముననే, స్వామి తనను భాగవతులకు దాసునిగ చేసెనని సంతసించిరి. మునీశ్వరుడు మోయగా వచ్చినవారు, ఆ మోసినవారికే తాను దాసుడనని తలచిరన్న మాట. పాట ముగియగనే ఎల్లరును చూచుచుండగ స్వామిలో ఐక్యమైరని చరిత్రము.

శ్రీ వేదాంతదేశికులు ఈ పది పాశురములకు మునివాహన భోగమను వ్యాఖ్యను రచించిరి. పెరియవాచ్చాన్ పిళ్ళై, అళగియ మణవాళ పెరుమాళ్ నాయనారులు కూడ వీనిని వ్యాఖ్యానించిరి. సంప్రదాయము చేసిన మరియొక మహోపకారము కలదు. లోకసారంగులు పూజ్యులు, కైంకర్యపరులు. అయినను వారి తప్పును పెద్దలు దాచలేదు. భాగవతాపచార మెంత ఘోరమో తెలియుటకై తరతరములుగ చెప్పుకొనుచున్నారు. తప్పును ఒప్పుకొని భుజమిచ్చుట చేత మునులును ధన్యులైరి. ఆళ్వారు బిరుదములోనే వారు చిరస్థాయిగ నిలిచిరి.

తెలుగు నేలకు ఈ భావము క్రొత్తది కాదు. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో మాలదాసరి కథను చెప్పిరి. అతడును ఊరి వెలుపలి గాయకుడే. తిరుక్కురుంగుడి స్వామికి ప్రతి వేకువన మంగళకైశికి పాడుటయే అతని వ్రతము. బ్రహ్మరాక్షసుని చేత జిక్కియు, పాడి వత్తునని మాట యిచ్చి, మాట తప్పక తిరిగి వచ్చెను. ఆ పాట ఫలమే రాక్షసునికి విముక్తి నిచ్చినది. చక్రవర్తి తన కావ్యమున అంత్యజుడైన గాయకునకు అంతటి పీఠము వేయుట శ్రీవైష్ణవ హృదయమునకు నిదర్శనము.

హృదయమున నున్నది ఆచరణకు వచ్చుటకు మాత్రము శతాబ్దములు పట్టినది. ఆనాటి మద్రాసు రాష్ట్రమున 1947లో చేసిన ఆలయ ప్రవేశ చట్టము కోవెల తలుపులను అందరకును తెరచినది. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రూపుమాపినది. 2018 ఏప్రిల్ నెలలో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు ఒకరు, హైదరాబాదు జియాగూడలోని శ్రీరంగనాథ ఆలయమునకు ఒక దళిత భక్తుని తన భుజములపై మోసికొని వెళ్ళి, మునివాహన చరిత్రమును కన్నుల ఎదుట నిలిపిరి. చట్టము ద్వారమును మాత్రమే తెరువగలదు. భుజము నిచ్చుటకు భక్తి కావలెను.

శ్రీరంగమునకు పోవు యాత్రికులు కావేరి వంతెన దాటునపుడు ఒక్క క్షణము దక్షిణపు ఒడ్డును తలచుకొనవలెను. ఉరైయూరు కోవెలలోని ఆళ్వారు సన్నిధిని సేవింపవలెను. ఇండ్లలో వేకువ పూజ వేళ తొందరలో ఎవరినైన కసరుకొనునపుడు, వాకిట నిలిచిన వారిని చులకనగ చూడబోవునపుడు, ఏటి ఒడ్డున విసరిన రాయి ఎవరి నొసట తగిలినదో స్మరింపవలెను. కార్తిక రోహిణినాడు ఆ పది పాశురములను అనుసంధించు గృహమున శ్రీరంగనాథుని, శ్రీవేంకటేశ్వరుని కటాక్షము సదా నెలకొని యుండును. తిరుప్పాణాళ్వారు తిరువడిగళే శరణము.